బిడ్డ కూసునే సీటు

గద్వాల బస్టాండు పక్క సైకిల్ స్టాండు కాడ, పోయిన శనివారం నా చెవులార ఇన్న ముచ్చట ఇది. మల్దకల్ దిక్కు నుంచి వచ్చిన ఒకామె స్టాండాయనను అడుగుతుండె.

“అన్నా, మా ఆయన సైకిల్ యాడ? ఈడనే ఉండె గద.”

“నిన్న బస్సు దిగి తీస్కపోయిండు చెల్లె. సైకిల్ ఈడ పెట్టి ఆయన రాయచూరు బస్సెక్కి మూడు నెలలాయె. చక్రాల పొంట గడ్డి మొలిస్తే రెండు బర్రెలను తోలి మేపిన!”

“పరాచికాలొద్దన్నా. నిన్న తీస్కపోతే ఇంటికి రాలేదేంది?”

“రాలేదా?”

“రాలే. ఎటు పోయిండు?”

“ధరూరు తొవ్వ పట్టిండు.”

“మా ఊరు అటు లేదు గద! ఒక్కడే ఉన్నడా?”

“బస్సొచ్చి మంది మస్తుండె చెల్లె. చూడలే.”

“నీ బల్ల కింద ఉన్నది మా బిడ్డ సీటు గాదా? సైకిల్ ముంగల రాడ్డు మీద ఉండె.”

“గదే. ఊడదీసి ఇచ్చిపోయిండు.”

“ఎందుకు?”

“అంటే... జర వదులైందంట. బాగుచేసి పెట్టు, మళ్లొచ్చి బిగించుకుంట అన్నడు.”

ఆమె సీటు చేతిలకు తీస్కొని ఊపి చూసింది. యాడా వదులు లేదు. మెల్లగ మళ్ల బల్ల కింద పెట్టింది.

“సరే, బాగుచెయ్యన్నా. బిడ్డకు గట్లనే చెప్త.”