బాతుకు సెలవిచ్చే మంత్రం

విస్కాన్సిన్‌లో ఒక చిన్న ఊరి గ్రంథాలయం, వెనక గది. గురువారం మధ్యాహ్నం ఆటకు ఇంకా గంట వ్యవధి ఉంది. పాచికలు వేయించి మాంత్రికుల కథ నడిపించేది మార్లిస్. ఆ మాంత్రికులకు తోడుగా ఉండే మాయజంతువులను కాగితం మీద తయారుచేసేది ఆర్డిస్. ఇద్దరికీ డెబ్బై దాటాయి.

"ఇది కూడా చావదా, ఆర్డిస్?"

"చావదు."

"బాతే కదా. నక్క పట్టుకుంటే?"

"నక్కకి అజీర్తి చేస్తుంది. కింద రాశాను, చూడు."

"పోయినసారి తాబేలుకి నాలుగు వందల ఏళ్ళ ఆయుష్షు ఇచ్చావు. అంతకుముందు జలగ. పట్టుకుంటే వదలదు. పాపం, మన ఆటలో డెల్బర్ట్ ఆడే మాంత్రికుడు రెండు నెలలు దాన్ని మెడకి వేసుకుని తిరిగాడు."

"జలగ నా పొరపాటే. ఒప్పుకున్నాను కదా."

"సరే, ఈ బాతు కొత్త మాంత్రికురాలికి. ఏం చేస్తుందిది?"

"చీకటి పడగానే అందరినీ లెక్కపెడుతుంది. ఒకరు తగ్గితే అరుస్తుంది."

"శత్రువుల గుహలో దాక్కున్నప్పుడు కూడానా?"

"అప్పుడు ఇంకా గట్టిగా. భయమేస్తుంది కదా దానికి."

"ఇంకా?"

"ఎవరెక్కడికి బయల్దేరినా పొయ్యి ఆపారా అని అడుగుతుంది."

"మాంత్రికుల దగ్గర పొయ్యి ఎక్కడిదే?"

"లేదనుకో. అయినా అడిగితే పోయేదేముంది?"

"ఆర్డిస్, ఇది బాతు కాదు. రెక్కలు కట్టుకున్న నువ్వు."

"నా మోకాళ్ళకంటే దీనివి నయం."

"నవ్వించకు. ఇదిగో, ఈ గడి ఖాళీగా వదిలేశావు. 'పంపించే మంత్రం.' అక్కర్లేనప్పుడు జంతువుకి సెలవిచ్చి పంపెయ్యాలి. ప్రతి జంతువుకీ ఉండి తీరాలి, అది నియమం."

"పెన్ను అయిపోయింది."

"నాది తీసుకో."

"నల్ల సిరా నాకు పడదు."

"ఆర్డిస్."

"నీ కాఫీ చల్లారిపోతోంది."

"చల్లారనీ. ఆడేవాళ్ళు వచ్చేలోపు రాయి."

"రాస్తున్నా, రాస్తున్నా. 'పంపదలుచుకుంటే మాంత్రికురాలే ఎదురుగా కూర్చుని నోటితో చెప్పాలి. ఇంటి ముందు అమ్మకానికని పాతిన బోర్డు చూసి బాతు తెలుసుకోకూడదు.' చాలా? గడి నిండిపోయింది."

"ఎప్పుడు చూశావు?"

"మంగళవారం. నీకు గుమ్మడికాయ రొట్టె పట్టుకొస్తున్నా. మీ ఇంటి ముందు ఆ బోర్డు చూసి వెనక్కి తీసుకుపోయి నేనే తినేశాను. మొత్తం. ఇంకా అరగలేదు."

"చెబుదామనే అనుకున్నానే. మూడు వారాల నుంచి."

"ఎక్కడికి?"

"అరిజోనా. మా చెల్లెలి దగ్గరికి. ఈ మంచు ఇక నావల్ల కాదు. పోయిన చలికాలం రెండుసార్లు పడ్డాను."

"వెళ్ళు, వెళ్ళు. నాకు అలవాటే. ముందు నార్బర్ట్ అలాస్కా వెళ్ళిపోయాడు, పెళ్ళి చేసుకుంటాననుకున్నవాడు. తర్వాత మా అక్క కాలిఫోర్నియా. నా దగ్గర ఉండాలంటే కాగితం బాతే ఉండాలి, దానికి వేరే దారి లేదు గనక."

"అయిపోయిందా? నేను చెప్పలేకపోయింది వెళ్తున్నానని కాదు. మా చెల్లెలింట్లో రెండు గదులు ఖాళీ. ఒకటి నీకు. నువ్వూ రా."

"నేనా?"

"నువ్వే."

"నేను ఎలా, నేను... అక్కడ తేళ్ళుంటాయి కదా."

"ఉంటాయి. చెప్పులు దులుపుకుని వేసుకుంటారు. మరి బాతుకి ఏం రాశావు? 'ఎంత దూరమైనా, ఏ దేశమైనా మాంత్రికురాలి వెంటే పోతుంది' అని కదూ?"

"అది బాతు, మార్లిస్. నాకు బస్సు మారాలంటేనే గుండె దడ."

"ఆలోచించు."

"ఆలోచిస్తే ఏమంటానో నీకు తెలుసు. అందుకే నువ్వు మూడు వారాలు అడగలేదు."

"నార్బర్ట్ తనతో రమ్మని అడిగినప్పుడు ఏమన్నావు?"

"అడిగాడని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. అడిగాడా?"

"అక్కడ ఎలుగుబంట్లుంటాయన్నాను."

"మరి మీ అక్క?"

"భూకంపాలన్నాను. అందరూ నన్ను వదిలేసి వెళ్ళిపోయారని నలభై ఏళ్ళుగా చెప్పుకుంటున్నాను. వెళ్ళిన ప్రతివాళ్ళూ నన్ను రమ్మనే అడిగారు, మార్లిస్."