కొమ్మ పట్టుకుని బతికే పువ్వు

పండమ్మని, కొండమీద పిల్లంట. తల్లి లేదు. దిగువ ఊళ్ళో సూరాయమ్మ కొడుక్కిచ్చి చేశారనుకో. ఆడపిల్లలందరూ సారె కావిళ్ళతో వస్తే, ఈ పిల్ల ఒళ్ళో ఓ మొక్క పెట్టుకొచ్చిందంట. ఎట్టాంటి మొక్కనుకున్నారు? కొండవాగు పక్కన, మంచు కమ్మే చోట, పెద్దపెద్ద చెట్ల కొమ్మల్ని పట్టుకుని పెరుగుద్ది. వేళ్ళు గాల్లోనే వేలాడతాయి. ఎండలు పోయే ముందు తెలుపూ గులాబీ కలిసిన పువ్వులు జడకుచ్చుల్లా దిగుతాయి. వాళ్ళమ్మ మంచాన పడ్డప్పుడు, నీ పెళ్ళికి నేనుండనే అమ్మా, ఇది పూసిననాడు నేనొచ్చాననుకో అందంట. అందుకని తెచ్చుకుంది.

ఇక్కడ ఏమైందంటే, సూరాయమ్మ మంచిదే. నవ్వకండి, అత్తల్లోనూ ఉంటారు. కోడలి మొక్క కదాని కుండలో చెరువుమట్టి పోసి, చివికిన పెంటేసి, మొదలంటా పాతిందంట. పూటపూటా నీళ్ళు. వరి నాటే చెయ్యి కదా, బురద లేందే ఏదీ బతకదని ఆమె నమ్మకం. ఆకులు పండుబారాయి, మొదలు మెత్తబడింది. అయ్యో, చాల్లేదేమోనని ఇంకో చెంబు పోస్తది. కొత్త కోడలు నోరెట్టా విప్పుద్ది? అన్నం మానేసి మూలన కూచునేదంట.

చివరికి ఒక్క వేరు మాత్రం పచ్చగా మిగిలిందనుకో. ఓ పొద్దున పండమ్మ ఆగలేక మొక్కని పెరికి, కొబ్బరిపీచు చుట్టి, పెరటి మామిడికొమ్మకి కడతా ఉంది. సూరాయమ్మ కత్తి పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. దిగువోళ్ళకి చెట్టు మీద ఏది మొలిచినా బదనికే, రసం పీల్చి చెట్టుని చంపుద్దని చెక్కేస్తారు. "కాసే చెట్టు చచ్చిపోద్దే! మట్టిలో బతకంది ఇక్కడేం తిని బతుకుద్దే?" అంది. ఆ పిల్ల ఏడ్చుకుంటా అమ్మ మాట చెప్పేసి, "ఇది చెట్టుని తినదత్తా, పట్టుకుని ఉంటది అంతే. గాలి తాగుద్ది, వాన తాగుద్ది. నేను మా ఊరి మట్టి వదిలేసి నిన్ను పట్టుకుని బతకట్లా?" అందంట. సూరాయమ్మ కత్తి కింద పడేసి, "ముడి వదులుగా ఉంది, ఇట్టా తే" అని చీరంచు చింపి తనే కట్టిందంట.

ఆ ఏడు పుయ్యలేదు. పై ఏడు పూసింది. ముందు చూసింది సూరాయమ్మే. ఏం చేసిందంటే, చెంబుతో నీళ్ళు తెచ్చి మామిడిచెట్టు కింద పెట్టిందంట, వియ్యపురాలు కాళ్ళు కడుక్కోడానికి. అప్పుడు పిలిచిందంట, "లెగవే పండమ్మా, మీ అమ్మొచ్చింది" అని.

అప్పట్నించీ ఆ ఊళ్ళో చెట్టు మీద మొక్క కనపడితే, తినే రకమా పట్టుకునే రకమా అని చూసిగానీ కత్తి తియ్యరంట. మరి నువ్వు ఏ రకం అత్తవే అంటారా? మా కోడలు పొయ్యి కాడే ఉంది, మెల్లిగా అడగండి.