ఓడ గొంతు

ఇంక చాలండీ, ఆ చిక్కుడుకాయలు ఇలా ఇవ్వండి. ఈనెలు తియ్యమంటే గింజలతో సహా పీకేస్తున్నారు. పొద్దున్నే మీరు వంటింట్లోకొచ్చి పీట వేసుక్కూర్చున్నారంటేనే తెలిసిపోతుంది నాకు, ఏదో దాస్తున్నారని.

ఏమీ లేదా? సరే, లేదనే అనుకుందాం. మరి మూడు రోజుల్నుంచి ఫోను మోగడం ఆలస్యం, మేడమీదికి ఎందుకు పరిగెడుతున్నారు? అక్కణ్ణుంచి హిందీలో ఆ కేకలేమిటి? "అన్నయ్యగారు ఎవరితోనండీ పోట్లాట?" అని కింద వాటా సూర్యకళగారు అడిగారు. ఏం చెప్పమంటారు ఆవిడకి?

గిరిప్రసాద్ చెప్పేశాడు లెండి. అతన్నేమీ అనకండి. సౌండు చూసుకునే మనిషి కదా, అబద్ధమాడితే ముందు తన గొంతే వణుకుతుంది పాపం. కాఫీ ఇచ్చి కూర్చోబెట్టాను, అంతే, మొత్తం కక్కేశాడు. ముంబయి ఓటీటీవాళ్ళు మీ 'నాగావళి' సిరీస్‌కి రెండో సీజన్ తియ్యమన్నారట. కానీ అందులో ఓడ మాట్లాడే గొంతు నాది వద్దట, పేరున్నవాళ్ళది ఎవరిదైనా పెట్టాలట. అయితే అసలు తియ్యనే తియ్యనని తమరు సెలవిచ్చారట!

అబ్బో, ఏం పౌరుషమండీ! నిజం చెప్పొద్దూ, కాస్త మురిసిపోయాను. ఆ తర్వాత ఒళ్ళు మండింది.

మీ సంగతి నాకు తెలీదూ? ఉప్పల్లో పెళ్ళివీడియోలు తీసే రోజుల్లో తలంబ్రాలు వదిలేసి చందమామ మీదికి కెమెరా తిప్పారు. పెళ్ళికూతురి తండ్రి వెంటపడి తిట్టాడు. తర్వాత హబ్సిగూడ సైన్సువాళ్ళకి భూకంపాల మీద ఓ డాక్యుమెంటరీ. ఆ పైన అత్తాకోడళ్ళ సీరియల్, పదకొండు వందల ఎపిసోడ్లు! అన్నం ముందు కూర్చుని "హైమా, ఇవాళ కూడా విషం కలిపిన పాలే" అని నిట్టూర్చేవారు. ఒక్క సినిమా తీశారు. శుక్రవారం వచ్చింది. ఆదివారం చుట్టాల్ని వెంటేసుకుని వెళితే హాలు మీద వేరే పోస్టరు.

నవ్వండి, నవ్వండి. అప్పుడు మాత్రం నెల్లాళ్ళు నవ్వలేదు మీరు.

యాభై నిండాక పట్టుకుంది మీకీ 'నాగావళి' పిచ్చి. తెలుగులో రోదసి ఓడ మీద పది భాగాలు తీస్తానంటే నవ్వనివాళ్ళెవరు? నేనూ నవ్వాను. ఓడకి మా ఊరి ఏటి పేరు పెట్టాక నోరు మూసుకున్నాను. నాచారంలో షెడ్డు తీసుకున్నారు. మందుల కంపెనీ పాత ట్యాంకులు కోసి అతికించాడు వెల్డింగ్ మొగిలయ్య. అంతా అయ్యాక చుట్టూ తిరిగి చూసి, "సార్, గింత పెద్ద బండి జేసినం గని, సైలెన్సర్ ఏడ పెట్టాలె?" అన్నాడు. మీరు రెండు రోజులు దాని గురించే ఆలోచించారు! ఇక ఓడ దిగిన ఆ ఎర్రగ్రహం పీర్జాదిగూడలో అపార్ట్‌మెంటుకి తవ్విన పునాదిగొయ్యి. ఆ సంగతి ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు నేను.

గొంతు మాటకొస్తే, నన్నెవరు పిలిచారండీ అసలు? డబ్బింగమ్మాయి దొరికేదాకా నిడివి కొలతకి ఓడ మాటలు చదివిపెట్టమన్నారు. షెడ్డులో సుత్తి మోతలని, మన చీరల బీరువా తలుపులు తెరిచి, అందులో మైకు పెట్టి చదివించారు. పొయ్యి మీదేమో పప్పు. "ప్రాణవాయువు నలభై శాతం" అని చదువుతుంటే విజిల్ వచ్చింది. అలవాటు కొద్దీ "రెండు" అని లెక్కపెట్టాను. విజిల్ మోత తుడిచేశాడు గిరిప్రసాద్. నా 'రెండు' మాత్రం మీరు రాసిందే అనుకున్నాడు. మీరేమో ఎప్పుడో రాసి మరిచిపోయానేమో అనుకున్నారు!

ఇంక చూస్కోండి. హబ్సిగూడ హాస్టలు పిల్లలు గోడల మీద 'రెండు' అని రాసుకున్నారు. ఓడకి రెండో మనసు ఉందన్నారు కొందరు, రెండు రోజుల్లో అందరూ పోతారని కొందరు. టీవీలో యాంకరమ్మాయి అడిగితే తమరేమన్నారు? "అది ద్వైతం" అన్నారు, గడ్డం నిమురుకుంటూ! ఇక్కడ నేను నవ్వలేక చచ్చాను. పప్పండీ అది, కందిపప్పు!

సరే, వినండి. నిన్న సాయంత్రం గిరిప్రసాద్ చేత ముంబయికి ఫోన్ చేయించాను. మీరు ఒప్పుకున్నారని చెప్పించాను.

అలా చూడకండి. ఇంకెన్నాళ్ళు తీస్తారు మీరు? వద్దని పంపేసి, రోజూ నా పక్కన కూర్చుని చిక్కుళ్ళు వలుస్తారా? మీరు షెడ్డులో లేకపోతే మనిషి కారు. నా గొంతు కోసం మీరలా అయిపోతే నాకు అన్నం సహిస్తుందా? నా బదులు ఓడకి గొంతిచ్చే అమ్మాయి పేరు స్నిగ్ధ. పదకొండింటికి వస్తుంది. ఓడ ఎక్కడ ఆగి మాట్లాడుతుందో, ఎక్కడ కోప్పడుతుందో నేర్పుతానన్నాను. భోజనానికి ఉండమన్నాను కూడా. టైటిల్స్‌లో తన పేరు విడిగా, పెద్దక్షరాల్లో వేస్తారట. మంచిదే.

అసలు వాళ్ళన్నదాంట్లో తప్పేముంది? పేర్లలో ఎక్కడా లేని గొంతు మారిస్తే ఎవరడుగుతారు అన్నారట. నిజమే కదా. పేరు వద్దన్నది నేనే.

వద్దన్నాను. ఇదే వంటింట్లో. "నీ పేరు వెయ్యనా?" అని మీరడిగితే, "ఛ, నాకెందుకండీ, బావుండదు" అన్నాను. ఏమంటాను మరి? వేసుకోండి అని ఎగబడతానా? మా అమ్మ వడ్డిస్తుంటే చుట్టాలు విస్తరికి చెయ్యడ్డం పెట్టేవారు. ఆ చెయ్యి పక్కకి నెట్టి మరీ గారె వేసేది. వాళ్ళూ "అయ్యో చాలండీ" అంటూనే తినేవారు. మొదటిసారి వద్దంటే వద్దని కాదండీ. ఇన్నేళ్ళ కాపురంలో అది కూడా నేను చెప్పాలా?

పొయ్యి కట్టేసి, చేతులు తుడుచుకుని నిలబడ్డాను, ఇంకోసారి అడుగుతారని. "సరే, నీ ఇష్టం" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

నాలుగేళ్ళయింది. మీరు నిద్రపోతున్నప్పుడు ఇప్పటికీ చూస్తుంటాను, ప్రతి భాగం చివర ఆ పేర్లు. మొగిలయ్యది ఉంటుంది. భోజనాలు తెచ్చిన రాణిది కూడా ఉంటుంది. నాది ఉండదని తెలుసు. అయినా అయిపోయేదాకా చదువుతాను.