మనిషితోపాటు వెళ్లిన చీటీ

1993 జూన్ పద్నాలుగవ తేదీన ఆత్మకూరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సుగా ఉద్యోగ జీవితాన్ని ఆరంభించిన శ్రీమతి జానమ్మ గారు, ఈ నెలాఖరున అదే స్టాఫ్ నర్సు హోదాలో పదవీ విరమణ చేస్తున్నారు. ఇంత సుదీర్ఘ సేవలో హోదా ఒక్క మెట్టయినా పెరగకపోవడానికి కారణముంది. అభినందన సంచికలో ఆ ప్రస్తావన వద్దని కొందరు మిత్రులు సూచించారు. వారి మాటను గౌరవిస్తూనే, అది విడిచిపెడితే ఆమెను గురించి రాసినట్టే కాదని మనవి చేస్తున్నాను.

భువనగిరి దగ్గర ఒక కూలీ కుటుంబంలో పుట్టి, హాస్టల్లో ఉండి నర్సింగ్ చదివిన జానమ్మ గారు 2015లో మా ఆసుపత్రి అత్యవసర విభాగానికి బదిలీపై వచ్చారు. పత్తిచేలకు పురుగుమందు కొట్టే కాలంలో మా విభాగం ఎలా ఉంటుందో సహోద్యోగులకు తెలుసు. విషమించిన వారికి మొదటి ఇంజెక్షన్లు ఇచ్చి హైదరాబాదుకు పంపుతాం. ఏ మందు, ఎంత, ఎప్పుడు ఇచ్చామో రిఫరల్ చీటీలో రాస్తాం. జానమ్మ గారు అంతటితో ఆగక, అదే సమాచారాన్ని తెల్లని ప్లాస్టరు ముక్కపై రాసి రోగి ముంజేతికి అంటించేవారు.

2017లో తనిఖీకి వచ్చిన ఒక అధికారి అది చూసి మండిపడ్డారు.

"పేషెంటు చెయ్యేమన్న పలకనా అమ్మా, రాసుకుంట కూసున్నవ్?"

"చిట్టీ జేబుల పెట్టుకుంటరు సార్. మందుతోని తడిసిన అంగీ ఇప్పి పారేస్తం. చెయ్యైతే మనిషితోనే పోతది గద."

"ఎదురు మాట్లాడుతున్నవా?"

"లే సార్. అడిగిన్రని చెప్పిన."

సాయంత్రానికి మెమో వచ్చింది. ప్లాస్టర్లు ఆగిపోయాయి.

మరుసటి వానాకాలంలో, మందు కొడుతూ చేనులోనే పడిపోయిన భిక్షం అనే రైతును తీసుకువచ్చారు. తడిసిన అంగీ విప్పి సంచిలో వేశారు. ఆయన తమ్ముడు, భద్రంగా ఉంటుందని, చీటీని ఆ అంగీ జేబులోనే పెట్టాడు. వాసనకు తట్టుకోలేక సంచిని అంబులెన్సు ఎక్కించలేదు. ఇక్కడ ఏమిచ్చామో తెలియక అక్కడి వైద్యులు చికిత్సను మొదటి నుంచి ఆరంభించారు. భిక్షం గారు బతకలేదు. చీటీ అందితే బతికేవారని నేను అనలేను. అందలేదని మాత్రం అనగలను. విచారణలో అది నర్సు నిర్లక్ష్యమని తేల్చారు. రాయవద్దన్నవారి పేరు నివేదికలో లేదు. జానమ్మ గారికి రావలసిన హెడ్ నర్సు పదోన్నతి ఆగిపోయింది.

ఆ తరువాతి ఏడాది నా భార్య సుచరితకు పక్షవాతం వచ్చింది. హైదరాబాదు పంపే ముందు జానమ్మ గారు ప్లాస్టరు చుట్ట తీశారు.

"మెమో ఉన్నది గద సిస్టర్," అన్నాను.

"ఇంకోటి ఇస్తరు, ఇయ్యనియ్యిండ్రి. అక్క చెయ్యి జర పట్టుకోండ్రి సార్."

మందుల వివరాల కింద ఆమె ఇంకొక మాట రాశారు: "కుడి చెవి వినపడదు. ఎడమ వైపు నిలబడి మాట్లాడగలరు." పెద్దాసుపత్రిలో ముక్కూ మొహం తెలియని డాక్టర్లు, ఆయాలు సైతం మంచం చుట్టి ఎడమ వైపుకు వచ్చి, వంగి పలకరించారు. సుచరిత ఇంటికి తిరిగి రాలేదు. కాని పలకరించినవారి మాట చివరి వరకూ ఆమెకు వినిపించింది.

2022లో మా ఆసుపత్రిలో ఒక కొత్త పద్ధతి ప్రారంభమైంది: పై ఆసుపత్రికి పంపే ప్రతి రోగి ముంజేతికి మందుల వివరాల పట్టీ అంటించాలి. దానికి ప్రశంసాపత్రం కూడా వచ్చింది. వేదికపై ఫొటోలు దిగుతున్నప్పుడు జానమ్మ గారు కింద అత్యవసర విభాగంలో డ్యూటీలో ఉన్నారు, పట్టీలు అంటిస్తూ.

పాత మెమోను, విచారణ నిర్ణయాన్ని రద్దు చేయాలని ఆమె నిరుడు అర్జీ పెట్టుకున్నారు. 'పరిశీలనలో ఉంది' అన్నదే ఇప్పటికీ జవాబు. మొన్న స్టాఫ్ రూములో, ఆమె దగ్గర పని నేర్చుకున్న నర్సు శ్రీదేవి ఉండబట్టలేక అడిగింది.

"ఇంటికి పోయే ముంగట గా లొల్లి ఎందుకమ్మా? ఇడిసిపెట్టరాదు?"

"భిక్షం సావు నా పేరు మీద రాసి పెట్టిన్రు బిడ్డా. గది మోసుకొని ఇంటికెట్ల పోను?"



శ్రీమతి జానమ్మ గారికి సంపూర్ణ ఆరోగ్యం, కుటుంబ సభ్యుల మధ్య ప్రశాంత జీవనం కలగాలని ఆకాంక్షిస్తున్నాను. దీర్ఘాయువును మాత్రం మరీ మరీ కోరుతున్నాను. మన కార్యాలయాల నడక ఎరిగినవాడిని. ఆ రద్దు ఉత్తర్వు ఎన్నేళ్లకు వచ్చినా, ఆమె దానిని తన చేతులతోనే అందుకోవాలి.

— ఐలేశం, ల్యాబ్ టెక్నీషియన్