మంచం కింద బొండం

రాజోలు, 2006. సాలమోనుకి హైదరాబాదులో ఊపిరితిత్తి ఆపరేషను జరగాల్సిన ఉదయం. అక్కడి నుంచి కూతురు మెర్సీ ఫోను చేసింది. ఇంటి దగ్గర తల్లి దీనమ్మ మాట్లాడుతోంది.

"అది కాదమ్మా నేనడిగేది. నాన్న పొద్దున్న బొండం తాగేడా? ఫోన్లో నీకేమైనా చెప్పేడా?"

"అక్కడా వానేనా? ఇక్కడైతే తెల్లారిన కాణ్ణించీ ఒకటే ముసురు."

"అమ్మా! మంచం కింద ఖాళీ బొండం ఉంది. నువ్వు సంచిలో కట్టి పంపినవాటిల్లోదే. అడిగితే గోడ వైపు తిరిగి పడుకున్నాడు."

"ఏదో గొంతు తడుపుకుని ఉంటారు. కొబ్బరినీళ్ళు కూడా ఓ తిండేనా? జొరమొచ్చినోళ్ళకీ పోస్తాం కదే."

"మంచినీళ్ళు కూడా ముట్టొద్దన్నారమ్మా. మత్తులో కక్కుకుంటే అది ఊపిరితిత్తుల్లోకి పోద్ది."

"ఊపిరి మిషనే పోస్తాదన్నావు కదా?"

"అది వేరమ్మా. చిన్న కన్నాలు పెట్టి గడ్డ తీసేటప్పుడు ఆ పక్క ఊపిరితిత్తిని ముడిచేస్తారు. రెండోదేమో పాత టీబీకి పాడైపోయింది. అదొక్కదానితో ఊపిరి చాలదని, రక్తం బయటికి తీసి, మిషన్లో గాలి పట్టించి మళ్ళీ లోపలికి పంపుతారు. మొన్న నువ్విక్కడికొచ్చినప్పుడు డాక్టరు గారు బొమ్మ గీసి చెబితే 'ఆయ్, అలాగేనండి' అన్నావు!"

"అంత పెద్దాయన ముందు ఇంకేమంటాను? రక్తం బయట తిరిగినంతసేపూ మనిషెక్కడుంటాడే మెర్సీ?"

"బల్ల మీదే ఉంటాడమ్మా, ఎక్కడికి పోతాడు!"

"నవ్వకు."

"నవ్వట్లేదు. ఏడుపొస్తోంది. ఇప్పుడు చెబితే ఆపేస్తారు. ఆ మిషనూ, దాన్ని నడిపేవాళ్ళూ, డాక్టరు గారూ అందరూ మళ్ళీ ఎప్పుడు కుదురుతారో. అందాకా ఆ గడ్డ మన కోసం ఆగుద్దా?"

"ఆపేస్తారా? నిజంగానా? ఇంటికి పంపేస్తారా?"

"స్ట్రెచర్ వచ్చేసిందమ్మా. నాన్నని ఎక్కిస్తున్నారు. ఒక్క బొండమే కదా... పోనీలే. నోరు మూసుకుంటాను."

"ఏంటే?"

"చెప్పనంటున్నాను. ప్రభువే చూసుకుంటాడు."

"మెర్సీ! చెప్పు. ఇప్పుడే చెప్పు. పరిగెత్తవే!"

"ఇందాకేగా, కొబ్బరినీళ్ళు కూడా తిండేనా అన్నావు?"

"దాచకే. నీకు దణ్ణం పెడతాను, దాచకే. ఆయన వద్దు వద్దంటున్నా వినకుండా పొద్దున్నే ఫోను చేసి తాగించింది నేనే... తాగితే ఆపేస్తారని తెలిసే తాగించేను."