చివరి వరుసలో ఊరు

గ్రంథాలయంలో కంప్యూటరు ముందు ఇద్దరే ఉన్నారు. భర్త పోయాక అక్షరాలు నేర్చిన పెద్దావిడ, ఆడవాళ్లు చెప్పిన తమ బతుకు కథలన్నీ టైపు చేసి, పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని బస్సులో పట్టుకొచ్చింది. వాటన్నిటినీ ఒక్క దెబ్బకు వెబ్ పేజీలుగా మార్చి నెట్‌లో పెట్టే మీటను, ఆమె కూతురిలా చూసుకునే యువతి అప్పుడే నొక్కింది.

"పిన్నీ, ఇందులో నా కథ కూడా ఉందా?"

"ఉంది. ఒక్కటీ వదల్లేదు."

"ప్రతి కథ కిందా పేరూ, వయసూ, ఇప్పుడుండే ఊరూ రాస్తావుగా!"

"రాత్రిబడిలో అలాగే నేర్పారు."

"అయ్యో, పేజీలు నెట్‌లోకి ఎక్కేశాయి! మా ఆయన చూస్తే? ఊళ్లు మారి అతని కంటబడకుండా బతుకుతున్నాను. నా కొంప ముంచావు!"

"నన్ను చెప్పనిస్తావా?"

"తీసెయ్యాలంటే లైబ్రేరియన్ రావాలి. ఆయన భోజనానికెళ్లాడు!"

"ముందు ఆ పేజీ తెరువు. పైకి చదువు."

తెరిచి చదివింది.

"'ఆలస్యంగా నేర్చుకున్నాను, మెల్లగా రాస్తాను, తప్పులుంటే మన్నించండి.' ఇది అన్నిట్లోనూ ఉండేదేగా!"

"కిందికి పో."

దెబ్బలు, బయట వేసిన గొళ్లెం, పారిపోయిన తెల్లవారుజాము, అన్నీ ఉన్నాయి. చివరి వరుసను ఆమె రెండుసార్లు చదివింది.

"పిన్నీ... ఇది నీ పేరు. నీ వయసు. మీ ఊరు, వీధితో సహా."

"మరి నీది రాస్తానటే, పిచ్చిమొహమా?"

"కథ చదివితే పోల్చుకుంటాడు. నేరుగా నీ గుమ్మంలోకే వస్తాడు!"

"రానీ. ఎదురుగా పోలీస్ స్టేషనుందని మాత్రం రాయలేదు."