సెట్టమ్మ ప్రహరీ గోడ

నువ్వు మాట్లాడవు. అదే నీకున్న సుఖం. సంజాయిషీ చెప్పక్కర్లేదు, సంతకం పెట్టక్కర్లేదు. కళ్ళు పెద్దవి చేసుకుని అలా కూర్చుంటే చాలు, జనమే వచ్చి చెంపలేసుకుని పోతారు. నాకలా కుదరదు కదమ్మా. నలభై దాటాయి, అమ్మవారి ముందు కూచుని కూడా బయట చెప్పులున్నాయో లేదో అని ఒక కన్ను అటే వేసి ఉంచాలి.

పూజారి వెంకటరామయ్యగారు భోజనానికి వెళ్ళారు. మూడింటిదాకా రారు. అందుకే ఇంత ఎండలో వచ్చాను. ఆయనుంటే ఈ మాటలు నీ చెవిన పడనివ్వరు. బయట బోర్డు చూశావా? శ్రేష్ఠాంబ అట. అసలు పేరు సెట్టమ్మ. సినిమా సెట్టులో వెలిసిన అమ్మ కాబట్టి బస్తీవాళ్ళు సెట్టమ్మ అన్నారు. ఆయన దానికి స్నానం చేయించి సంస్కృతం కట్టాడు.

కోపమొచ్చిందా? మరి నీకు అభిషేకం ఎందుకు చెయ్యరో నీకు తెలియదా? నీళ్ళు పోస్తే ముక్కు కరుగుతుందని. నువ్వు ప్లాస్టర్ ఆఫ్ పారిస్. నేనేమో నిన్ను పటంలో 'పురాతన ఆలయం' అని రాశాను.

అవును, నేనే. సుబ్బరామయ్యని. మొదట్నుంచీ చెప్తా విను, ఎటూ లేచిపోలేవు కదా.

నేను రేపల్లెలో ఐటీఐ చదివి, ఎనభై నాలుగులో ఈ ఊరొచ్చాను. జూబ్లీహిల్స్‌లో ఓ మేడ మీద పటాలు గీసే కంపెనీ. అప్పుడు ఇటంతా బండలే. పొద్దుటినుంచి సాయంత్రందాకా ట్రేసింగ్ కాగితం మీద సిరా పెన్నుతో గీతలు గీయడమే పని. చెయ్యి వణికి గీత తప్పిందా, బ్లేడుతో గీకాలి. ఎంత గీకినా కాగితం అక్కడ పల్చబడేది. దీపం ముందు పెడితే ఎవడెన్ని తప్పులు చేశాడో తెలిసిపోయేది. మంచి కాలం అది.

తొంభైలో కంప్యూటర్లొచ్చాయి. ఏసీ గదిలో పెట్టారు. లోపలికి వెళ్ళాలంటే చెప్పులు బయట విడవాలి. నీ గుడికన్నా ముందు నేను చెప్పులు విడిచిన గర్భగుడి అదే. కాగితం పటాన్ని పెద్ద బల్ల మీద పరిచి, చేతిలో మౌసుతో గీత వెంట నొక్కుకుంటూ పోతే ఆ గీత కంప్యూటర్లోకి ఎక్కేది. రోడ్లొక పొర, ఇళ్ళొక పొర, గుళ్ళొక పొర. తప్పు చేస్తే ఒక్క మీట. మచ్చ కూడా ఉండదు. ఎంత సంబరపడ్డానో. ఈ కంప్యూటర్ పటాల పనిని ఇంగ్లీషులో జీఐఎస్ అంటారు. జీఐఎస్‌లో పని చేస్తున్నానండీ అని ఊరంతా చెప్పుకున్నాను.

యూసుఫ్‌గూడలో మా ఇంటి ఓనరు శకుంతలమ్మగారు అది గ్యాస్ కంపెనీ అనుకుంది. నాలుగేళ్ళుగా సిలిండరు కోసం కాచుక్కూచుంది పాపం. "జర మాకు జల్ది ఇప్పియ్యి బిడ్డా" అని ఏడాదిపాటు అద్దె పెంచలేదు. కాదని చెప్పాలా? చెప్పాలి. చెప్పలేదు. అబద్ధం నాకు అలా అలవాటైంది.

సరే, నీ సంగతికొస్తాను. తొంభై రెండు. విమానం నుంచి తీసిన ఫొటోలు బల్ల మీద పెట్టుకుని ఈ కొండ షీటు గీస్తున్నాను. పద్నాలుగో నంబరు షీటు. బండల మధ్య ఒక గోపురం, దాని పక్కన వరసగా పదకొండు చిన్న కప్పులు. ఏవేంటో తెలియదు. మా మేనేజరు చలపతిరావుగారు, "వెళ్ళి కళ్ళతో చూసి రావయ్యా, అదే గ్రౌండ్ ట్రూత్ అంటే" అన్నాడు.

వచ్చాను. ఎక్కడో షూటింగు జరుగుతోందని తెలుసు. ఫిల్మ్‌నగర్లో షూటింగు జరగనిదెప్పుడు? నా ఖర్మ కొద్దీ అప్పుడు వాళ్ళకి లంచ్ బ్రేకు. కెమెరా ఎక్కడో గొడుగు కింద ముసుగేసుకుని ఉంది. నీ గుడి ముందు మాత్రం జనం. ఆడవాళ్ళ తలల్లో పూలు, కర్పూరం వాసన. పట్టుపంచె కట్టుకున్నాయన నా చేతిలో తీర్థం పోశాడు. కళ్ళకద్దుకుని తాగాను. చేతిలో పులిహోర పెట్టారు. అదీ తిన్నాను. నిజం చెప్పొద్దూ, చాలా బావుంది.

ఇక ఆ పదకొండు ఇళ్ళు. అన్నిటికీ ఒకే నీలం రంగు, కొత్తగా వేసినట్టుంది. గుమ్మాలకి ఒకే రకం తోరణాలు. గోడ మీద వేలితో కొట్టి చూశాను. రేకు చప్పుడు. తలుపు తోసి చూశాను. ఒక్క మనిషి లేడు. ఓహో, ఇదన్నమాట సెట్టు, అనుకున్నాను. ఇళ్ళని తట్టి చూసినవాణ్ణి నిన్ను ఎందుకు తట్టలేదంటావా? గుడిని వేలితో కొట్టి చూసేవాడు ఎవడమ్మా? దండం పెట్టుకుని వచ్చేశాను.

గుడి ఉంచాను. ఇళ్ళు తీసేశాను. 'ఖాళీ స్థలం' అని రాశాను.

ఆ షీటుతోనే నా దశ తిరిగింది. ఫొటోలో చుక్కంత కనబడ్డ గుడిని పట్టుకున్నాడని పొగిడారు. టీమ్ లీడర్ని చేశారు. కొత్తగా చేరిన వాళ్ళకి క్లాసులు చెప్పమన్నారు. ఏం క్లాసు అనుకున్నావు? గ్రౌండ్ ట్రూత్. "ఫొటోని నమ్మకండి, నేలని నమ్మండి" అని ఆరేళ్ళుగా బోర్డు మీద రాస్తున్నాను. నువ్వే ఉదాహరణ.

పోయిన నెలలో రోడ్డు వ్యవహారం వచ్చింది. యూసుఫ్‌గూడ వైపు నుంచి కొండ మీదికి కొత్త రోడ్డు వేస్తారట. నా పటం పట్టుకుని గీత గీశారు. తిన్నగా వచ్చింది, నీ దగ్గరికొచ్చేసరికి ఆగింది. గుడి జోలికి ఎవడొస్తాడు? కుడివైపు పోదామంటే బండలు పేల్చాలి. ఎడమవైపు తిరిగింది. అక్కడేముంది, ఖాళీ స్థలమే కదా.

ఆ ఖాళీ స్థలం చూడ్డానికి వచ్చాను. నీలం రంగు సగం ఊడిపోయిన పదకొండు ఇళ్ళు. గుమ్మంలో నీలమ్మ బియ్యం చెరుగుతోంది. నీకు తెలుసుగా నీలమ్మ, రోజూ నీ ముందు ఊడ్చేది ఆవిడే. నన్ను చూడగానే గుర్తుపట్టింది.

"నువ్వు గప్పుడు తీర్థం తాగినవు గద సార్?" అంది. "గది ఉత్త నల్లా నీళ్ళు. ఆ అయ్యగారు మా ఆడిబిడ్డ పెనిమిటి, పోచయ్య. గుడి ముంగట మొక్కినోళ్ళం అంత మేమే. పొద్దుగాల్నే ఇండ్లకు రంగులేసిండ్రు, మమ్ముల భక్తులను చేసిండ్రు."

అర్థమైందా? ఇళ్ళలో మనుషులు ఎందుకు లేరంటే, వాళ్ళంతా నీ ముందు నిలబడి ఉన్నారు కాబట్టి. నేను వాళ్ళ పక్కన నిలబడే పులిహోర తిన్నాను.

సినిమా మధ్యలో ఆగిపోయిందట. సెట్టు విప్పడానికి వచ్చినవాళ్ళు స్తంభాలు పట్టుకుపోయారు గానీ నీ మీద చెయ్యి వెయ్యలేదు. ముహూర్తం రోజు నీకు కొబ్బరికాయ కొట్టారు కదా. కొట్టాక ఇక బొమ్మని ఎలా అంటారు? నీలమ్మ దీపం పెట్టింది. నా పటం చూసుకుని ఎవరో కమిటీ వేశారు, సిమెంటు గోడలు లేపారు, పూజారి వచ్చాడు.

అన్నీ చెప్పి, చివర్న అడిగింది. "రోడ్డోళ్ళు పటం తెచ్చిండ్రు సార్. మా ఇండ్లు అండ్ల లేవంటున్నరు. యేడ వెట్టినవో జర చూపియ్యి. ముప్పై యేండ్లాయె మేమీడికొచ్చి."

వెతికి చెప్తానన్నాను. ఏం వెతుకుతాను? సిగ్గేసింది. నా సర్వీసంతా గీసిన గీతల్లో ఒక్కటి కూడా గుర్తు రాలేదు, తీసేసిన ఆ పదకొండే గుర్తొచ్చాయి.

చలపతిరావుగారి దగ్గరికి పరిగెత్తాను. తప్పు జరిగిందండీ, దిద్దుతాను, గుడి సెట్టు, ఇళ్ళు నిజం, అన్నాను. ఆయన తలుపేశాడు.

"పద్నాలుగో షీటు తప్పని రాసిస్తే మిగతా షీట్ల సంగతేంటని అడుగుతారయ్యా. కంపెనీ ఏమవుతుంది? పైగా దేవత లేదని నువ్వు రాస్తావా? రాసి ఈ ఊళ్ళో తిరుగుతావా?"

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. నువ్వు పటంలోంచి ఊడిపోవడానికి సిద్ధంగానే ఉన్నావు, ఆయనే ఊడనివ్వలేదు.

లేచి వస్తుంటే వెనక్కి పిలిచాడు. "గుడి స్థలం ఎందాకా ఉందో రోడ్డువాళ్ళు అడుగుతున్నారు. ఆ హద్దులొకటి గీసివ్వు. సరిగ్గా గియ్యి, వాళ్ళు దానికి తగలకుండా రోడ్డేస్తారు."

సరిగ్గా గియ్యమన్నాడు. విన్నావు కదా.

అందుకే వచ్చాను. ఇవాళ పొద్దున్న గీసేశాను తల్లీ. నీకు ప్రహరీ గోడ కట్టాను. చిన్నదేం కాదు, పదకొండు ఇళ్ళూ లోపలికొచ్చేశాయి. ఒకటి నీ యాగశాల, ఒకటి రథం కొట్టు, ఒకటి పూజారి విడిది. పోచయ్య ఇల్లు నందనవనం అయింది, ముందర రెండు బంతి మొక్కలున్నాయిలే. అన్నిటికీ పేర్లు రాసి, కింద నా సంతకం పెట్టి పంపేశాను. రోడ్డు ఇక కుడివైపు బండల్లోంచే పోవాలి.

పద్నాలుగేళ్ళుగా ఉన్నదున్నట్టు గీయడం నేర్చుకున్నాను. చివరికి ఉన్న ఇళ్ళని నిలబెట్టడానికి లేనివి గీయాల్సొచ్చింది. ఎవడైనా పట్టుకుంటే నా ఉద్యోగం పోతుంది. పోతే పోనీ అనాలని ఉంది గానీ భయంగానే ఉంది. నీ దగ్గర దాచడమెందుకు?

రేపు పదింటికి మా కంపెనీ కుర్రాళ్ళు తనిఖీకి వస్తున్నారు. వాళ్ళూ గ్రౌండ్ ట్రూత్ చూస్తారట. నా శిష్యులే. నీలమ్మ ఇల్లు నీ వంటశాల అని రాశాను, కాబట్టి లోపలికి అడుగుపెడితే ప్రసాదం వాసన రావాలి. పులిహోర చేస్తావా అంటే, "బోటి కూర చేస్త సార్, యూసుఫ్‌గూడ మొత్తం అడుగు" అంది. వద్దు తల్లీ, రేపొక్కరోజు మేక పేగుల కూర వద్దు, అని బతిమాలాను. పోపు నేను పెట్టిస్తాను.

ఆవిడ పటంలో ఇల్లు చూపించమంది కదా. ఇప్పుడు చూపించగలను. ఇదిగో నీలమ్మా, ఇదే నీ ఇల్లు, అని వేలు పెట్టి చూపిస్తాను. దాని మీద పేరు మాత్రం నీది ఉంటుంది సెట్టమ్మా. ఆవిడకి చదవడం రాదులే.

వెళ్తాను. చింతపండు ఈపాటికి నానుంటుంది.